నమూనా సర్వేల అంకెలు – అన్వయించవలసిన విధానం

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం)

ఆచార్య ప్రశాంత చంద్ర మహలనోబిస్ జయంతి అయిన జూన్ 29ని 2007 నుండి దేశమంతటా గణాంక దినోత్సవంగా పాటిస్తున్నారు. 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను నెలకొల్పినది ఆయనే. 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభం కావడానికీ ఆయనే మూలపురుషులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన ఆచార్య సి.ఆర్. రావు (1920–2023) ఆ సంస్థలోనే పరిశోధనలు సాగించి విశ్వఖ్యాతి గడించారు.

జనగణన అందరినీ లెక్కిస్తుంది. నమూనా సర్వే కొందరిని విచారించి అందరి స్థితిని అంచనా వేస్తుంది. కావున ఆ అంచనాకు కొంత హెచ్చుతగ్గు తప్పదు.

శాతాల అంచనా: ఒక మండలంలో యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన 400 కుటుంబాలలో 240 కుటుంబాలకు, అనగా 60 శాతానికి, కుళాయి నీరు అందుతున్నదనుకుందాం. 0.60ని 0.40తో గుణించి, 400తో భాగించి, వర్గమూలం తీయగా ప్రామాణిక దోషం 0.0245 వస్తుంది. దీనిని 1.96తో హెచ్చవేయగా దోష పరిమితి సుమారు 4.8 శాతం. అంటే అంచనా 55.2 నుండి 64.8 శాతం వరకు. ఇదే పద్ధతిలో పలుమార్లు సర్వే జరిపితే, ఇలా లభించే అవధులలో సుమారు 95 శాతం వాస్తవ విలువను కలిగి ఉంటాయి.

సగటుల అంచనా: అవే కుటుంబాల సగటు నెలసరి వ్యయం రూ.10,000, ప్రామాణిక విచలనం రూ.4,000 అయితే, 4,000ను 400 వర్గమూలమైన 20తో భాగించగా ప్రామాణిక దోషం రూ.200. అవధి రూ.9,608 నుండి రూ.10,392.

పోలికలో జాగ్రత్త: మరుసటి ఏడాది మరో 400 కుటుంబాలను విచారించగా 63 శాతం వచ్చినదనుకుందాం. ఈ వ్యత్యాసానికి దోష పరిమితి సుమారు 6.7 శాతం. కావున 3 శాతం పెరుగుదలను ప్రగతిగా ప్రకటించరాదు. అంతే తగ్గితే అధికారిని సంజాయిషీ అడగడమూ న్యాయం కాదు. దోషాన్ని సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగు రెట్లు పెంచవలసి ఉంటుంది. కొన్ని గ్రామాలను మాత్రమే ఎంచి, వాటిలోని కుటుంబాలను విచారించినప్పుడు దోషం సాధారణంగా మరింత పెరుగుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 707 జిల్లాలలో సుమారు 6.37 లక్షల కుటుంబాలను విచారించినది. దేశస్థాయి అంచనాలంత స్థిరంగా జిల్లాస్థాయి అంచనాలు ఉండవు. ఆ నివేదికల పట్టికలలో కుండలీకరణాలలోని అంకెలు 25–49 మంది సమాచారంపై ఆధారపడినవి. 25కు తక్కువైనచోట అంకెకు బదులు నక్షత్రం గుర్తు ఉంటుంది.

తాళం వేసిన ఇండ్లను వదలివేయుట, ప్రశ్నలు సక్రమంగా అడగకపోవుట వంటి లోపాలు దోష పరిమితిలోకి రావు. సర్వే అంకెలను ప్రకటించేటప్పుడు సర్వే కాలం, నమూనా పరిమాణం, దోష పరిమితి మూడింటినీ పేర్కొనవలసినదిగా మనవి.