షుగర్‌కు ముందు దశ: ఒక చరిత్ర

మధుమేహం ఒక్కసారిగా వచ్చిపడదన్న ఎరుక ఆయుర్వేదానికి పాతదే. సుశ్రుత సంహిత ఇరవై రకాల ప్రమేహాలను వివరించి, వేళకు వైద్యం అందకపోతే అవన్నీ చివరకు మధుమేహంగా మారతాయని హెచ్చరించింది. నోరు తియ్యగా ఉండడం, అరిచేతులు, అరికాళ్లు మండడం వంటి ముందస్తు లక్షణాలను చరక సంహిత చెప్పింది. కానీ నేడు ప్రీడయాబెటిస్ అంటున్న దశలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. రక్తపరీక్షలు వచ్చాకే అది వైద్యుల కంట పడింది.

పడ్డాక కూడా దానికి స్థిరమైన చోటు దొరకలేదు. గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు డెసిలీటర్ రక్తంలో చక్కెర 140 నుంచి 199 మిల్లీగ్రాములున్న వారిని 1979లో అమెరికా నిపుణుల బృందం ఒకటి ప్రత్యేక వర్గంగా విడదీసింది. ప్రీడయాబెటిస్ అన్న మాటను మాత్రం పక్కన పెట్టింది. వీరిలో కొందరు మామూలు స్థితికి వస్తారు. రోగి అన్న ముద్ర పడితే ఉద్యోగానికీ బీమాకూ చిక్కు. ఆ జాగ్రత్త న్యాయమైనదే. అయితే ఈ దశలో ఏం చేస్తే ఫలితముంటుందో అప్పటికి గట్టి రుజువు లేదు.

రుజువు చైనా ఈశాన్యంలోని చమురు పట్టణం డాచింగ్ నుంచి వచ్చింది. అక్కడ 1986లో లక్షా పదివేల మందికి పైగా పరీక్షించి, ఈ దశలో ఉన్న 577 మందిని ఎంచుకున్నారు. ఏ ఆసుపత్రికి వచ్చేవారు ఏం పాటించాలో చీటీ వేసినట్టు నిర్ణయించారు: కొన్నిచోట్ల ఆహార నియమం, కొన్నిచోట్ల వ్యాయామం, కొన్నిచోట్ల రెండూ, మిగిలినచోట్ల మామూలు సలహాలే. ఆరేళ్లకు మామూలు సలహాల గుంపులో 67.7 శాతం మందికి మధుమేహం వచ్చింది. తక్కిన మూడు గుంపుల్లోనూ అది 41 నుంచి 46 శాతం దగ్గరే ఆగింది. ముప్పై ఏళ్ల తర్వాత చూస్తే, నియమాలు పాటించినవారికి వ్యాధి సుమారు నాలుగేళ్లు ఆలస్యమైంది, గుండెపోటు, పక్షవాతం వంటివీ తగ్గాయి. ఈ దశను తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

2001లో ఫిన్లాండ్, 2002లో అమెరికా పరిశోధనలు నడక, తిండి మార్పులు, బరువు తగ్గడం వల్ల ముప్పు 58 శాతం తగ్గిందని తేల్చాయి. ప్రీడయాబెటిస్ మాట మళ్లీ వాడుకలోకి వచ్చింది. 2003లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పరగడుపు హద్దును 110 నుంచి 100కు దించింది; ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 దగ్గరే ఉండిపోయింది. అందుకే 104 వచ్చిన మనిషి ఒక లెక్కలో ఈ దశలో ఉన్నట్టు, మరో లెక్కలో లేనట్టు.

భారతీయుల విషయంలో చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 2006లో వెలువరించిన ఫలితాలు ముఖ్యమైనవి. ప్రత్యేక నియమాలేవీ లేని గుంపులో మూడేళ్లకే 55 శాతం మంది మధుమేహులయ్యారు. జీవనశైలి మార్చుకున్నవారిలో ముప్పు 28.5 శాతం తగ్గింది. దేశంలో 13.6 కోట్ల మంది ఈ దశలో ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా వేసింది.