నిలువుగీతలు చెరిపిన స్వరకర్త

1960ల మధ్యలో పారిస్‌లో ఒక చలనచిత్రానికి రవిశంకర్ సమకూర్చిన సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో రాసే పని అమెరికన్ యువకుడు ఫిలిప్ గ్లాస్‌కు లభించింది. స్వరాలను విభజించే నిలువుగీత ఎక్కడ గీసినా అక్కడ అక్కరలేని ఊనిక పడుతున్నదని తబలా విద్వాంసుడు అల్లారఖా అభ్యంతరం తెలిపారు. చివరకు గీతలన్నీ చెరిపివేశాకే, రెండేసి మూడేసి మాత్రల గుంపులు కలిసి తాళావర్తమై తిరగడం గ్లాస్‌కు గోచరించింది. జూలియార్డ్‌లో చదివి, నాడియా బులాంజే వద్ద కఠినశిక్షణ పొందుతున్న వానికి ఇది వేరొక గురుకులం. ఆ కూడిక పద్ధతే ఆయన శైలికి పునాది.

కీర్తి మాత్రం వెంటనే కూడు పెట్టలేదు. 1976లో 'ఐన్‌స్టయిన్ ఆన్ ది బీచ్' న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వేదికనెక్కిన పిమ్మట కూడా ఆయన టాక్సీ నడిపారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ పోరాటం ఇతివృత్తంగా 'సత్యాగ్రహ' 1980లో రోటర్‌డామ్‌లో ప్రదర్శితమయింది. పాత్రలు పాడేది గీతాశ్లోకాలే, అదీ సంస్కృతంలోనే. అర్థం తెలియని శ్రోతను నాదమే నడిపించాలనడం సాహసమే. 1990లో రవిశంకర్‌తో కలిసి వెలువరించిన 'పాసేజెస్'లో ఒకరి స్వరభావాలను మరొకరు విస్తరించారు.