శాన్ హువాన్ కపిస్ట్రానో: కూలిన రాతి చర్చి, కట్టిన జనం

ఇర్వైన్, లాస్ ఏంజిలిస్ వైపు పిల్లలున్న మన పెద్దవాళ్ళు అమెరికా వెళ్ళినప్పుడు ఒక పూట కేటాయించదగ్గ చోటు ఇది. లాస్ ఏంజిలిస్–శాన్ డియేగో రైలు మార్గంలోనే ఊరు. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళవచ్చు. లోపలికి టికెట్ ఉంది.

స్పెయిన్ పాలనలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కాలిఫోర్నియాలో నెలకొల్పిన 21 మిషన్లలో ఇది ఏడవది. 1776లో ఫాదర్ హునిపెరో సెర్రా స్థాపించారు. మిషన్ అంటే చర్చి ఒక్కటే కాదు. పొలాలు, పశువులు, పనిశాలలు, నివాసాలు అన్నీ కలిసిన ఆవరణ.

రాతి చర్చి పని 1797లో మొదలైంది. మెక్సికో నుంచి వచ్చిన మేస్త్రి ఇసిద్రో అగిలార్ 1803లో, పని మధ్యలోనే చనిపోయాడు. రాళ్ళు మోసి గోడలు లేపినవాళ్ళు ఆ నేల మీది అహాషెమెన్ జనం. 1806లో పూర్తయిన కట్టడం ఆరేళ్ళే నిలిచింది. 1812 డిసెంబరు 8 ఉదయం ప్రార్థన జరుగుతుండగా భూకంపం వచ్చి కప్పు కూలింది. లోపల ఉన్న 40 మంది, గంటలు మోగిస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు పోయారు. చర్చిని తిరిగి కట్టలేదు. పీఠం ఉన్న భాగం, కొన్ని గోడలు మిగిలాయి. నాలుగు గంటలను మరుసటి ఏడాది పక్కనే ఒక గోడ కట్టి అందులో వేలాడదీశారు.

ఏటా మార్చి 19న స్వాలో పిట్టల పండుగ జరుగుతుంది. ఎక్కువమంది దానికోసమే వస్తారు. నాకైతే ఆ జనం కథే ముఖ్యమనిపిస్తుంది. మిషన్ పేరుతోనే వాళ్ళను 'హువానేన్యో' అని పిలిచారు. ఇంట్లో మాట్లాడే వాళ్ళ భాష ఆగిపోయింది. 1812 తర్వాత ఇక్కడ పనిచేసిన ఫాదర్ బోస్కానా వాళ్ళ నమ్మకాలను రాసిపెట్టారు గనుక కొంత తెలుస్తోంది, అదీ పరాయి చేతి రాతే. వారసులు నేటికీ ఆ ప్రాంతంలోనే ఉన్నారు. తమను తెగగా గుర్తించమని ఫెడరల్ ప్రభుత్వాన్ని అడిగితే, నిబంధనలకు సరిపడా ఆధారాలు లేవని 2011లో కాదన్నారు. కాగితం లేకపోతే మనిషే లేడనే లెక్క ఎలా ఉంటుందో, భాషా మైనారిటీ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనవాళ్ళకు చెప్పనక్కరలేదు.

శిథిలం చూశాక సెర్రా ప్రార్థనామందిరానికి వెళ్ళండి. 1782 నాటి ఆ మందిరంలో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. దాని పక్కనే పాత శ్మశానం. అక్కడ ఉన్నవాళ్ళు రెండువేలకు పైనే, ఎక్కువమంది అహాషెమెన్‌లే.