ధాత కరవు నేర్పిన పాఠము

దేశపు పేదరికమును తలసరి యాదాయముచే కొలుచుట నేడు వాడుక. మన దేశమున నట్టి లెక్కను మొదట కట్టినవారిలో దాదాభాయి నౌరోజీగారు ముఖ్యులు. 1867-68 సంవత్సరమునకు తల యొక్కింటికి 20 రూపాయలని వారు తేల్చి, ఖైదీకి పెట్టు తిండిబట్టలకు సైత మది చాలదని చూపిరి. అయినను ఉన్నది యెవరిచేత నున్నదో సగటు చెప్పజాలదు. ఆ సంగతిని 1876-78 నాటి కరవు చెప్పినది.

ధాత కరవని పెద్దలు చెప్పుకొను ఆ కాలమున మదనపల్లె కడప జిల్లాలోని రైతువారీ సీమ. పుంగనూరు జమీందారీయు, కుప్పమున్న కంగుంది జమీందారీయు ఉత్తరార్కాటులోనివి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడే యీ మూడును ఒక్క జిల్లా క్రిందికి వచ్చినవి. శిస్తు పుచ్చుకొనువారు వేరైనను బ్రతుకుతెరు వొక్కటియే: మెట్టను రాగి, పల్లమున చెరువునీరు. వాన తప్పిన చెరువెండును. చెరువెండిన కూలికి పని పోవును. ధర పెరిగిననాడు పాతర నిండియున్న యింటికి లాభము, కూలివాని యింటికి పస్తు.

మదరాసు నుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గము 1864 నాటికే కుప్పము మీదుగా పడియుండెను. మదనపల్లెకును పుంగనూరునకును అప్పటికి రైలు లేదు. రైలు వచ్చిన కరవు తీరునని పలువురు నమ్మిరి. కాని వర్తకుని ధాన్యము ధర పలుకుచోటికి నడచును. చేత కాసు లేనివాని యెదుట నెన్ని బస్తాలు దిగిన నేమి?

1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనులలోని కూలిని దినమునకు ఒక పౌను, అనగా ఇంచుమించు 450 గ్రాముల ధాన్యము లెక్కకు తగ్గించెను. కష్టించు దేహమునకిది చాలదని మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఆకలి గింజల కొరతవలననే గాక, వానిని పొందు శక్తి లేమివలనను కలుగునని 1981లో అమర్త్యసేనుగారు శాస్త్రముగా నిరూపించిరి. మన సీమలోని కూలివా డా సత్యము నంతకు నూరేండ్ల ముందే అనుభవించెను.

1948 నాటి చట్టముచే జమీందారీలు పోయినవి. చావుకరవులును పోయినవి. అయినను కుప్పము నుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు కూలికి పోవువా రిప్పటికి నెందరో గలరు. మదనపల్లె టమాటా సంత దేశమంతట పేరుపొందినది. ధర పడిననాడు కోతకూలియైన గిట్టక రైతు పండిన కాయను చేనిలోనే విడుచుచున్నాడు.

కావున ఆదాయపు లెక్కలు చదువునపుడు సగటుతో తృప్తి పొందరాదు. వాన తప్పిన యేట అట్టడుగువాని యింట పొయ్యి యెన్ని పూటలు రాజెనో విచారింపవలెనని చదువరులకు మా మనవి.