తెర మీద తెలుగు: విండోస్ 2000 నుంచి ఎక్స్‌పీ దాకా

కంప్యూటర్‌లో ‘స్త్రీ’ అని టైపు చేసి చూడండి. మీ కంటికి కనిపించేది ఒక్క అక్షరం. కంప్యూటర్ దాచుకునేవి మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. చివర వచ్చిన గుడి దీర్ఘం మొదటి సకారం మీదికి ఎక్కాలి; తకార, రకారాలు ఒత్తులుగా మారి సర్దుకోవాలి. ఈ కూర్పు బాధ్యత ఎవరిది? అప్లికేషన్ రాసే ప్రోగ్రామర్‌దా, ఆపరేటింగ్ సిస్టమ్‌దా?

1990లలో అది ప్రోగ్రామర్‌దే. అప్పటి ఫాంటులో 256 స్థానాలకు మించి ఉండేవి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తలకట్లను, గుడులను, ఒత్తులను ముక్కలుగా అమర్చేవారు. ఎవరి అమరిక వారిది. ఒకరి ఫాంటులో కూర్చిన పాఠం ఇంకొకరి ఫాంటులో గజిబిజి అయ్యేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. కానీ సంకేతాలుంటే చాలదు కదా, వాటిని అక్షరాలుగా కూర్చిపెట్టేది కూడా ఉండాలి.

మైక్రోసాఫ్ట్ సంస్థ 2000 ఫిబ్రవరిలో విడుదల చేసిన విండోస్ 2000లో యూనిస్క్రైబ్ అనే భాగం ఈ పనిని చేపట్టింది. అప్పుడు భారతీయ లిపుల్లో అవకాశం దేవనాగరికి, తమిళానికే దక్కింది. తెలుగు వంతు 2001 అక్టోబరులో, విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. దానితోపాటు గౌతమి ఫాంటు కూడా. (గోదావరి పాయ పేరు తెర మీద కనబడినందుకు మాబోటి వాళ్ళం సంతోషించాం.) ఇక ప్రోగ్రామర్ సిస్టమ్‌కు వాక్యాన్ని అప్పగిస్తే చాలు, ఒత్తుల సంగతి సిస్టమ్ చూసుకుంటుంది. వాడేవారు మాత్రం కంట్రోల్ ప్యానెల్‌లో ఈ సదుపాయాన్ని విడిగా చేర్చుకోవలసి వచ్చేది. లేకుంటే ఒత్తులు విడివిడిగానో, అక్షరాల చోట ఖాళీ డబ్బాలుగానో కనిపించేవి.

ఇక్కడ మీరు ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. పాత 8 బిట్ల పద్ధతిలో ఒక్కో లిపికి ‘కోడ్ పేజీ’ అనే పట్టిక ఉండేది. విండోస్ తెలుగుకు అలాంటి పట్టికను ఇవ్వలేదు. ఇచ్చింది యూనికోడ్ దారి ఒక్కటే. అందువల్ల పాత పద్ధతిలో రాసిన అప్లికేషన్‌లో తెలుగు అతికిస్తే ప్రశ్నార్థకాల వరుస మిగిలేది. ప్రోగ్రామును యూనికోడ్‌కు మార్చక తప్పదు, మార్చడం ఖర్చుతో కూడిన పని. డీటీపీ కేంద్రాలు నమ్ముకున్న పేజ్‌మేకర్ ఆ మార్పు చెందకుండానే ఆగిపోయింది. ఎక్స్‌పీ వచ్చిన ఎన్నో ఏళ్ళ వరకు మన అచ్చు రంగం పాత ఫాంట్లను వదలకపోవడానికి ప్రధాన కారణం అలవాటు కాదు, ఇదేనని నా అభిప్రాయం.

ఆ రోజుల్లో నేను రాసిన పాఠాలను అలాంటి ఒక ఫాంటులోనే టైపు చేయించాను. ఇప్పుడు ఆ ఫైళ్ళు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసి కనిపిస్తాయి. అచ్చయిన పాఠాలను పుస్తకం చూసి యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించాను. అచ్చుకు నోచుకోని రెండు పాఠాలు ఇప్పటికీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి.