చీర చెప్పిన సాక్ష్యం

జయలలిత అక్రమాస్తుల కేసు ప్రస్తావన ఎక్కడ వచ్చినా ముందుగా వినిపించేది చీరల లెక్క. 1996 డిసెంబరులో చెన్నై పోయెస్ గార్డెన్‌లోని ఆమె ఇంట్లో సోదాలు జరిగినప్పుడు పదివేలకు పైగా చీరలు, 750 జతల చెప్పులు దొరికాయని పత్రికలు రాశాయి. ఆ రెండు అంకెలూ నాటి నుంచి జనం నోట నలుగుతూనే ఉన్నాయి. అదే కేసులో వెయ్యికి పైగా ఎకరాల భూములు ఉన్నాయనీ, ఎన్నో కంపెనీల పేరిట లావాదేవీలు నడిచాయనీ గుర్తున్నవారు చాలా తక్కువ. 1991-96 మధ్య ఆదాయానికి మించి కూడబెట్టారని ప్రాసిక్యూషన్ చెప్పిన మొత్తం సుమారు 66 కోట్ల రూపాయలు. అందులో చీరల విలువ చిన్న భాగం మాత్రమే. ఐనా జ్ఞాపకంలో మిగిలింది చీరలే.

ఇలా ఎందుకు జరిగిందన్నదే ఈ వ్యాసంలో నేను ఆలోచించదలచుకున్న విషయం. ఆమె నిర్దోషి అని వాదించడం నా ఉద్దేశం కాదు. 2014 సెప్టెంబరు 27న బెంగుళూరు ప్రత్యేక న్యాయస్థానం ఆమెకు నాలుగేళ్ళ జైలు, వంద కోట్ల జరిమానా విధించింది. 2015లో కర్ణాటక హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. అప్పటికి ఆమె మరణించి రెండు నెలలు దాటింది కనుక శిక్ష మిగిలినవారికే పరిమితమైంది. అవినీతి మీద విచారణ జరగవలసిందే, జరిగింది కూడా. నా సందేహమల్లా, భూమి దస్తావేజుల కంటే బీరువాలోని చీర మనకు ఎందుకు అంత బలమైన సాక్ష్యంగా కనపడింది అన్నదే.

*

దీని మూలాలు వెతకాలంటే ఖద్దరు దగ్గరికి వెళ్ళాలి. సహాయ నిరాకరణోద్యమం మన దేశంలో బట్టను రాజకీయ ప్రకటనగా మార్చింది. సంపన్న కుటుంబాల స్త్రీలలో ఖద్దరు చీర కట్టి బహిరంగంగా తిరిగిన తొలి తరంలో సరళాదేవి చౌధురాణి ఒకరు. ఆమె రవీంద్రనాథ్ టాగూర్‌కు మేనకోడలు. పట్టుచీరలలో పెరిగిన మనిషి ఆ బరువైన, ముతక నేతను కట్టుకోవడం గాంధీకి ఎంతో సంతోషాన్నిచ్చింది. దానిని ఆయన ఇతర స్త్రీలకు ఆదర్శంగా చూపించారు కూడా. మన కాకినాడలో, 1921లో గాంధీ వచ్చినప్పుడు, పన్నెండేళ్ళ ప్రాయంలో ఉన్న దుర్గాబాయి స్త్రీల కోసం ప్రత్యేకంగా సభ ఏర్పాటు చేసి, విరాళాలు పోగుచేసి, తన చేతి గాజులు కూడా ఇచ్చేశారు. విదేశీ వస్త్రాలను మంటల్లో వేశారు. రెండేళ్ళ తర్వాత కాకినాడ కాంగ్రెసులో, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపిన వాలంటీరు కూడా ఆవిడే.

ఆ త్యాగాల విలువను తగ్గించడం ఎవరి తరమూ కాదు. ఇల్లు దాటి ఎరుగని స్త్రీలకు ఖద్దరు చీర ఒక అనుమతి పత్రంలా పనికి వచ్చింది. ఆ చీర కట్టుకుని వీధిలోకి వచ్చిన స్త్రీని దేశం కోసం వచ్చిందనే అనుకున్నారు, వేరే మాట అనడానికి సందేహించారు. ఐతే అనుమతి పత్రం అన్నాక దానిలో షరతులు కూడా ఉంటాయి. నగలు తీసి ఇవ్వాలి, రంగు తగ్గాలి, అలంకారం పోవాలి. బయటికి వచ్చిన స్త్రీ తాను అలంకారం కోసం రాలేదని ముందుగా ఋజువు చేసుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చింది, ఉద్యమం ముగిసింది, ఆ షరతు మాత్రం రద్దు కాలేదు.

ఇదే కాలంలో ఇంకొక గొంతు కూడా వినిపించింది. 1927 డిసెంబరులో మహద్ సత్యాగ్రహం సందర్భంగా అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టిచ్చే కట్టు వదిలెయ్యమని, పై కులాల స్త్రీల లాగే నిండుగా చీర కట్టుకోమని, కులం గుర్తుగా నిలిచిన లోహపు కడియాలను తీసెయ్యమని చెప్పారు. గాంధీ సభలో స్త్రీలు ఉన్నది తీసి ఇచ్చారు. మహద్‌లో స్త్రీలను ఇంతకాలం దక్కనిది కట్టుకోమన్నారు. ఈ రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, నిరాడంబరత అన్నది అందరికీ ఒకే అర్థమిచ్చే మాట కాదని తెలుస్తుంది. వదులుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవారికే అది త్యాగమవుతుంది. ఈ తేడా చాలా ఏళ్ళ తర్వాత మాయావతి విషయంలో మళ్ళీ ఎదురవుతుంది.

*

ఇందిరాగాంధీ ఈ ఖద్దరు వారసత్వాన్ని బాగా అర్థం చేసుకున్న మనిషి. 1942లో ఆమె పెళ్ళిలో కట్టుకున్నది, నెహ్రూ జైలులో వడికిన నూలుతో నేసిన గులాబీరంగు ఖద్దరు చీర. ప్రధాని అయ్యాక చేనేత చీరలే ఆమెకు గుర్తింపు. చేతివృత్తుల గురించి లోతుగా తెలిసిన పుపుల్ జయకర్ ఆమెకు ఆప్తమిత్రురాలు. పల్లెటూరి సభల్లో తల మీదికి కొంగు లాక్కునేవారు. ఆమె రాజకీయాలతో ఎంత విభేదించినవారైనా ఆమె చీరను తప్పు పట్టడానికి పెద్దగా అవకాశం దొరకలేదు. అలా దొరకకుండా చూసుకోవడం కూడా ఒక శ్రమే. మగ ప్రధానులకు ఆ శ్రమ అంతగా లేదు. 1984 అక్టోబరు 31న ఆమె కట్టుకున్న చీర, తూటాల రంధ్రాలతో, నెత్తుటి మరకలతో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఆమె స్మారక భవనంలో అద్దాల వెనుక ఉంది. త్యాగానికి సాక్ష్యంగా ఒక చీర అక్కడ. అత్యాశకు సాక్ష్యంగా వేల చీరలు ఏళ్ళ తరబడి బెంగుళూరు కోర్టు అధీనంలో ఉండేవి. మన ప్రజాజీవితం స్త్రీకి కేటాయించిన రెండు పాత్రలూ ఈ రెండు చోట్లా కనిపిస్తాయి.

మగవారి బట్టల గురించి మాట్లాడలేదా అని ఎవరైనా అడగవచ్చు. మాట్లాడారు, సందేహం లేదు. 1921 సెప్టెంబరులో మదురైలో గాంధీ కొల్లాయి కట్టినప్పటి నుంచి ఆ వేషం మీద చర్చ ఆగలేదు. 1931లో చర్చిల్ ఆయనను అర్ధనగ్న ఫకీరుగా ఎద్దేవా చేశారు. ఎన్.టి.ఆర్. 1982లో చైతన్యరథం మీద ఖాకీ దుస్తుల్లో తిరిగి, ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం ధరిస్తే నవ్వినవారూ ఉన్నారు, మొక్కినవారూ ఉన్నారు. 2015లో నరేంద్ర మోడీ తన పేరే చారలుగా నేయించిన కోటు వేసుకున్నప్పుడు వచ్చిన విమర్శలు తక్కువేమీ కాదు. చివరికి దాన్ని సూరత్‌లో వేలం వేస్తే 4.31 కోట్లు పలికింది.

ఐతే ఈ విమర్శలన్నీ ఎక్కడికి చేరాయో గమనించండి. గాంధీ కొల్లాయి గురించిన వాదం సామ్రాజ్యం గురించిన వాదమైంది. మోడీ కోటు గురించిన వాదం ప్రభుత్వం పేదల పక్షమా, ధనికుల పక్షమా అన్న వాదమైంది. మగవాడి బట్ట నుంచి మాట అతని విధానాల మీదికి పోతుంది. స్త్రీ బట్ట నుంచి మాట ఆమె ఒంటి మీదికి, అక్కడి నుంచి శీలం మీదికి పోతుంది. తేడా అంతా ఇక్కడే ఉందని నేననుకుంటాను.

*

మళ్ళీ జయలలిత దగ్గరికి వద్దాం. ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. ల సరసన నటించిన నటిగా ఆమె మన తెలుగువారికి చాలా ముందే తెలుసు. సినిమా నుంచి వచ్చిన స్త్రీ కనుక రాజకీయాల్లో ఆమెను చూసే చూపు మొదటి నుంచీ వేరుగానే ఉంది. 1989 మార్చి 25న, కరుణానిధి బడ్జెట్ ప్రవేశపెడుతున్న వేళ, తమిళనాడు శాసనసభలో ఘర్షణ జరిగింది. చెదిరిన జుట్టుతో, చిరిగిన చీరతో బయటికి వచ్చిన జయలలిత, అధికారపక్షం వారు తన చీర పట్టి లాగారని ఆరోపించారు. డి.ఎం.కె. ఆ ఆరోపణను ఖండించింది. లోపల సరిగ్గా ఏం జరిగిందన్నదాని మీద వివాదం ఉండవచ్చు గాని, జనం మనసులో మాత్రం అది కౌరవసభగా ముద్రపడిపోయింది. ముఖ్యమంత్రిగా తప్ప ఆ సభలో అడుగు పెట్టనని ఆమె శపథం చేశారు. 1991లో ముఖ్యమంత్రిగానే అడుగు పెట్టారు.

ఆ అయిదేళ్ళూ ఆమె చీర మీద భుజాల నుంచి దిగే ఒక నిలువు పై అంగీ వేసుకునేవారు. దాని గురించి పుట్టని ఊహ లేదు. ఇక 1995లో దత్తపుత్రుడి పెళ్ళి ఆడంబరం, మరుసటేడు ఎన్నికల్లో ఓటమి, అరెస్టు, సోదాలు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు ఆమె ఒంటి మీద నగ కనిపించలేదు. కోర్టు శిక్ష విధించడానికి ఎంతో ముందే ఆమె తనకు తాను వేసుకున్న శిక్ష అది. జనం దానిని అర్థం చేసుకున్నారు, 2001లో మళ్ళీ గెలిపించారు. లెక్కలు చూపించి ఇవ్వవలసిన జవాబును ఆమె మెడ బోసిగా ఉంచి ఇచ్చారు, మనమూ దాన్ని జవాబుగానే స్వీకరించాం. చీరను సాక్ష్యంగా తీసుకునే అలవాటులోని ప్రమాదం ఇదే. అది అమాయకురాలిని నిందితురాలిగా నిలబెట్టగలదు. లెక్క చెప్పవలసినవారిని తప్పించనూ గలదు.

ఇదే కొలత మాయావతికి మరోలా తగిలింది. కత్తిరించిన జుట్టు, సల్వార్ కమీజ్, చేతిలో హ్యాండ్‌బ్యాగు. లక్నోలో ఆమె కట్టించిన స్మారకాలలో తన విగ్రహాలకు కూడా ఆ హ్యాండ్‌బ్యాగు ఉంచారు. దాన్ని వెక్కిరించినంతగా మరో నాయకురాలి వస్తువును మన పత్రికలు వెక్కిరించి ఉండవు. 2012 జనవరిలో ఎన్నికల సంఘం ఆదేశం మీద ఆ విగ్రహాలకు ముసుగు కప్పారు కూడా. ప్రజాధనంతో సొంత విగ్రహాలు పెట్టుకోవడం మీద విమర్శ న్యాయమైనదే. కాని హ్యాండ్‌బ్యాగు మీది నవ్వు వేరు. ఖద్దరు కట్టి పేదలా కనిపించమన్న పాత షరతును దళిత స్త్రీ నిరాకరించడం ఆ నవ్వుకు అసలు కారణం. మహద్‌లో చెప్పిన మాట లక్నోలో రాతి విగ్రహమై నిలబడింది.

మమతా బెనర్జీ దీనికి పూర్తిగా మరో కొస. సన్న అంచు తెల్ల నూలు చీర, హవాయి చెప్పులు. ఎవరూ వేలెత్తి చూపలేని వేషం అనుకుంటాం. 2021 మార్చిలో నందిగ్రామ్ ప్రచారంలో కాలికి దెబ్బ తగిలి, కట్టుతోనే ఆమె సభలకు తిరుగుతుంటే, కాలు చూపించాలనుకుంటే బెర్ముడా వేసుకోమని బి.జె.పి. రాష్ట్ర అధ్యక్షుడు దిలీప్ ఘోష్ బహిరంగ సభలో అన్నారు. రెండేళ్ళ ముందు, 2019లో, ఆమె పార్టీ నుంచే గెలిచిన మిమీ చక్రవర్తి, నుస్రత్ జహాన్ పాంటులు వేసుకుని పార్లమెంటు ముందు ఫోటో దిగినందుకు తిట్లు తిన్నారు. పాంటు వేసుకున్నవారినీ వదల్లేదు, ముతక చీర కట్టుకున్నామెనూ వదల్లేదు.

ఇంకొక సంగతి. వీరిలో ఒకరు అమ్మ, ఒకరు బెహన్‌జీ, ఒకరు దీదీ. మగ నాయకులకూ అన్న అనో తాత అనో పిలుపులు ఉన్నాయి గాని, వాళ్ళకవి అలంకారం. ఈ ముగ్గురూ భర్త పేరు వెనుక లేకుండా రాజకీయాల్లో నిలబడినవారు. వారికి ఆ పిలుపు మరొక చీర లాంటిది, కప్పుకోక తప్పనిది.

*

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బని అనుకోనక్కర్లేదు. 1970లో పశ్చిమ జర్మనీ పార్లమెంటులో, పాంటు వేసుకున్న స్త్రీని మాట్లాడనివ్వనని ఉపాధ్యక్షుడు అంటే, లేనెలోటె ఫోన్ బోత్మర్ అనే సభ్యురాలు పాంటు వేసుకునే వచ్చారు. దానికి ఆమెకు తిట్లతో నిండిన ఉత్తరాలు వచ్చాయి. అమెరికా సెనేట్‌లో స్త్రీలు పాంటు వేసుకుని సభలోకి రావడం 1993 దాకా చెల్లలేదు. 2012లో ఫ్రాన్సు మంత్రి సెసీల్ దుఫ్లో పూల గౌను వేసుకుని ప్రశ్నలకు జవాబు చెబుతుంటే సభ్యులు కేకలు వేశారు. అక్కడ పాంటు తప్పయింది, ఇక్కడ గౌను తప్పయింది. బట్ట ఏదైనా బోను ఒకటే.

ప్రజాజీవితంలో ఉన్నవారిని ప్రశ్నించే హక్కు మనకుంది. ఈ డబ్బు ఎక్కడిది అని అడగడం పౌరుడి పని. స్త్రీలైనా పురుషులైనా దానికి కాగితాలతో జవాబు చెప్పవలసిందే. ఈ చీర ఏమిటి అని అడగడం మొదలుపెట్టిన రోజున మనం మొదటి ప్రశ్నను మరిచిపోతాం. జయలలిత కేసులో జరిగింది అదేనని నాకనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళు సాగిన విచారణలో కోర్టు భూములనీ, బ్యాంకు ఖాతాలనీ ఓపికగా లెక్క కట్టింది. మనం చీరలు లెక్కపెడుతూ కూర్చున్నాం.