పేలిన తూటాకు రెండో బతుకు

మన పత్రికల్లో తూటా అంటే మనిషి ఒంట్లో దిగేది. నిజానికి దిగేది సీసపు గుండు ఒక్కటే. తూటా నాలుగు సరుకుల పొత్తు: ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమరు, గుల్లలో మందు, మూతిలో గుండు. తుపాకి పేలాక మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమరు చచ్చిపోతుంది. గుల్ల మాత్రం చెక్కుచెదరకుండా చేతిలో మిగులుతుంది. అన్నిటికన్నా ఖరీదైనది అదే. దాన్ని పారేయకుండా మళ్లీ నింపుకోవడాన్ని అమెరికాలో చేతి లోడింగు అంటారు. అక్కడ అది ఇంటి పెరట్లో చేసుకునే పని, దాని మీద లావుపాటి పుస్తకాలున్నాయి. మన దగ్గర ఆ పనికి పేరు కూడా లేదు. మన జనానికి అంత సూక్ష్మమైన పని రాదనో, మనకు తుపాకి వేట ఎన్నడూ పెద్దగా లేదనో దీనికి కారణం చెబుతుంటారు. చరిత్ర చూస్తే కనిపించేది వేరు. ఆ పని మనకు చేతకాక పోలేదు. మన చేతికి వస్తుందేమోనని పాలకులు జడిశారు గనుక పోయింది.

జమ్మలమడుగు పక్కనే ఉన్న గండికోట నుంచి మొదలుపెట్టవచ్చు. 1652లో వజ్రాల వర్తకుడు తావెర్నియే అక్కడికి వచ్చినప్పుడు, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా క్లాద్ మాయె అనే ఫ్రెంచివాడి చేత ఫిరంగులు పోయించే ప్రయత్నంలో ఉన్నాడు. దానికి గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించారు. తావెర్నియే రాసినదాని ప్రకారం గండికోట గుడి విగ్రహాలు ఎంతకీ కరగలేదు, మాయె ఒక్క ఫిరంగీ పోయలేకపోయాడు. విగ్రహాల మహిమో, కొలిమి లోపమో మనకెందుకుగానీ, ఈ కథలో గమనించాల్సింది వేరే ఉంది. ఆ రోజుల్లో ఫిరంగి అరుదు కావచ్చు, మందు మాత్రం ఊరి సరుకు. పాటిమట్టిని కడిగి కాచి తీసిన పెట్లుప్పు, గంధకం, బొగ్గు ఉంటే చాలు. గుండును, మందును లెక్క చూసి కూర్చుకోవడం తుపాకి పట్టిన ప్రతివాడికీ రావలసిన విద్య. 1857 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకి దాకా అంతే. కాగితపు పొట్లం కొన నోటితో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండు దించి చువ్వతో కూరాలి. ఆ పొట్లానికి పూసిన కొవ్వు మీద ఎంత రగడ జరిగిందో అందరికీ తెలుసు. ఆ తర్వాత మళ్లీ తిరగబడతారన్న భయంతో బ్రిటిష్ వాళ్లు దేశీ సిపాయిల చేతికి తమ సైనికుల తుపాకుల కన్నా ఒక తరం వెనకబడినవే ఇస్తూ వచ్చారు.

ఇత్తడి గుల్ల వచ్చింది సరిగ్గా ఈ భయం ముదురుతున్న కాలంలో. 1866లో ఇంగ్లండులో కర్నల్ బాక్సర్, అమెరికాలో హైరమ్ బెర్డన్ వేర్వేరు ప్రైమర్లు కనిపెట్టారు. విచిత్రమేమంటే ఇంగ్లీషువాడిది అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడిది యూరప్‌లో పాతుకుంది. బాక్సర్ రకంలో గుల్ల అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. లోపలి నుంచి సన్నని చువ్వతో ఒక్క పోటు పొడిస్తే చచ్చిన ప్రైమరు ఊడి కిందపడుతుంది. బెర్డన్‌ది రెండు పక్క రంధ్రాల వ్యవహారం, ఊడదీయడం తలనొప్పి. అమెరికాలో చేతి లోడింగు ఇంటింటి విద్య కావడానికి ఈ ఒక్క రంధ్రం చేసిన సాయం తక్కువది కాదు. ప్రైమరు తీశాక, పేలుడుకు ఉబ్బిన గుల్లను ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తారు. కొత్త ప్రైమరు కూర్చి, మందు తూచి పోసి, గుండు బిగిస్తారు. ఆ తూకం గ్రెయిన్లలో సాగుతుంది. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే మన గురివింద గింజలో సగానికి కాస్త ఎక్కువ. గురివింద గింజలతో బంగారం తూచిన చరిత్ర ఉన్న దేశానికి, అందులోనూ ప్రొద్దుటూరు లాంటి బంగారపు ఊరున్న సీమకు, ఈ సూక్ష్మం అందదనడం కన్నా వింత మాట లేదు.

అందుతుందని దొరలకు బాగా తెలుసు. 1878 ఆయుధాల చట్టం భారతీయుడి తుపాకికి లైసెన్సు పెట్టి యూరోపియన్లను వదిలేసింది. అసలు సాక్ష్యం 1907 నాటిది. ఆ ఏడు .450 కొలత వేట తూటాలు ఇండియాలోకి రాకుండా నిషేధించారు. పులికీ ఏనుగుకూ దొరలే ఇష్టపడి వాడిన కొలత అది. పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిళ్ల గొట్టం కూడా అదే కొలత, అవి అప్పటికే వాయవ్య సరిహద్దు తెగల చేతుల్లో బోలెడున్నాయి. వేట తూటా విప్పి, గుండు ఊడదీసి, మార్టినీ గుల్లలో కూర్చుకుంటారని సర్కారు భయం. అంటే ఒక సామ్రాజ్యం చేతి లోడింగును చూసి బెదిరి, తన సొంత షికారీల తుపాకులకే తూటా లేకుండా చేసుకుంది. లండన్ తుపాకి కంపెనీలు లబోదిబోమని .465, .470 లాంటి కొత్త కొలతలు దించాయి. ఇవాళ ప్రపంచమంతా ముచ్చటపడే ఈ పెద్ద వేట తూటాలకు ప్రాణం పోసింది షికారీ అవసరం కన్నా ఇండియా ప్రభుత్వ ఉత్తర్వే. మన .315 రైఫిలు కథా అదే. సైన్యం వాడే .303 జనానికి ఇవ్వకూడదు గనుక, ఆస్ట్రియా వారి మాన్‌లికర్ గుల్ల ఆధారంగా బి.ఎస్.ఎ. కంపెనీ .315 తయారుచేసింది. స్వాతంత్ర్యం వచ్చాక మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు దాన్నే కొనసాగించాయి. సైన్యం సరుకు జనం తుపాకిలో, జనం సరుకు సైనిక తుపాకిలో పట్టకూడదన్నదే ఆ కొలతల లెక్క.

ఇది చరిత్రలో లేనిది చూడటం, మందూ ప్రైమరూ దొరక్క ఆ విద్య పెరగలేదంతే అనవచ్చు. దొరకకపోవడం నిజమే. అయితే అది వాతావరణం లాంటిది కాదు, చట్టం చేసిన పని. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. దొరికినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. మన్యంలో బాణం చెక్కగల చేతులకు కొదవ లేదు, తూటా కోసం మాత్రం ఠాణాకే పోవాల్సి వచ్చింది. లేమి ఎక్కడ పుట్టిందో ఇంతకన్నా తేటగా కనిపించదు. పైగా డబ్బు, సరుకు పుష్కలంగా ఉంటేనే ఈ విద్య పెరుగుతుందన్నది తలకిందుల వాదన. అమెరికా పశ్చిమ మైదానాల్లో దున్నలను వేటాడినవాళ్లు గుల్లలు ఏరి దాచుకున్నది దుకాణం దూరమై, తూటా ప్రియమై.

ప్రమాదం సంగతి ఇంకా బలమైన అభ్యంతరం. పొగలేని కొత్త మందు వచ్చాక చిన్న పొరపాటుకు కూడా రైఫిలు మొహం మీదే పగలవచ్చు. పాత నల్ల తుపాకిమందు కాలపు ధైర్యం అక్కడ పనికిరాదు. పైగా కడప జిల్లాలో ఇంట్లో మందు నింపడం అనగానే వేట కన్నా ముందు ముఠాకక్షలు గుర్తుకొస్తాయి. వేట మాట 1972 వన్యప్రాణి చట్టంతోనే ముగిసింది. కాబట్టి ఇవాళ చట్టం గట్టిగా ఉండటాన్ని నేను తప్పుపట్టను. కానీ 1907 ఉత్తర్వులో షికారీ చేతివేళ్ల మీద జాలి ఎక్కడా లేదు. భద్రత తర్వాత అతికిన కారణం, మొదటిది అపనమ్మకం.

ఆ అపనమ్మకం లేనిచోట ఏం జరుగుతుందో .405 వించెస్టర్ చెబుతుంది. 1904లో అమెరికాలో వచ్చిన ఈ తూటాను థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు తీసుకుపోయాడు. మనకు దగ్గరివాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో సికింద్రాబాదు బొల్లారంలో పుట్టి, మామండూరు, చామల అడవుల పులుల కథలు రాసిన ఆయన చేతి రైఫిలు అదే. తర్వాత కంపెనీ ఈ తూటా తయారీ మానేసింది. అమెరికాలో పాత రైఫిళ్లున్నవాళ్లు దశాబ్దాల పాటు చేత్తో నింపుకుంటూ దాన్ని బతికించారు. 2000 తర్వాత హార్నడీ కంపెనీ మళ్లీ ఫ్యాక్టరీ తూటా తెచ్చింది. మన దేశంలోనైతే ఫ్యాక్టరీ మూసిన నాడే తూటా చచ్చినట్టు, రైఫిలు గోడకెక్కినట్టు.

1959 ఆయుధాల చట్టం ఆ పాత అనుమానాన్ని పొల్లుపోకుండా అందుకుంది. దాని నిర్వచనంలో తూటా అంటే తూటానే కాదు, తూటా భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా. అదే చట్టం 13వ సెక్షన్లో మాత్రం ఒక పాత తలుపు ఓరగా తెరిచి ఉంది: పంట కాపలాకు గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. కడప జిల్లా వీరపునాయునిపల్లెలో అడవి పందుల బెడదకు ఏ రైతైనా ఆ లైసెన్సు తెచ్చుకుంటే, ప్రతి గుండుకూ ముందు మందు కొలిచి పోసి, పీచు కుక్కి, చువ్వతో దట్టించి, దెబ్బకు నిప్పు పుట్టించే కేపు పెట్టాలి. గండికోట మీద మీర్ జుమ్లా సిపాయి మందు పోసి కూరిన తీరుకూ దీనికీ పెద్ద తేడా లేదు, కేపు తప్ప.